తడి ఆరేలోపు

రాజమండ్రి పుష్కర ఘాట్‌లో పై మెట్ల మీద కూర్చున్నారు మీరు. శ్రావణమాసం. సాయంత్రం నాలుగున్నర దాటింది. ఒళ్లో ప్లైవుడ్ పలక, దాని మీద నాలుగు పక్కలా మాస్కింగ్ టేపు వేసి బిగించిన కాగితం. ఎదురుగా ఎర్రనీళ్లతో గోదావరి. కొవ్వూరు వైపు ఆకాశం సగం వెలుగు, సగం మబ్బు. మబ్బు అడుగు గీతలు గీతలుగా నదిలోకి దిగుతోంది. అక్కడ వాన పడుతోందన్నమాట. అది ఈ ఒడ్డుకి రావడానికి అరగంట పట్టొచ్చు. పావుగంటే పట్టొచ్చు.

కాగితం మీద ఇంకా ఒక్క గీత కూడా పడలేదు.

సంచి సర్దుకుని వెళ్లిపోవచ్చు. ఫోనుతో ఒక ఫొటో కొట్టి, ఇంటికెళ్లి ఫ్యాను కింద తీరిగ్గా వేసుకోవచ్చు. చాలామంది చేసేది అదే. ఫోను తీసి చూడండి. తెర మీద ఆ మబ్బు ఒట్టి బూడిదరంగు మచ్చ. కళ్లెత్తి చూస్తే అందులో ఊదా ఉంది. అడుగున ఇటుక రంగు ఉంది, నది ఎరుపు పైకి కొట్టి మబ్బు పొట్టకి అంటినట్టు. ఫోను సంచిలో పడేయండి. పెన్సిల్ తీయండి.

ఏం వేయాలన్నది తర్వాత. ఏం వేయకూడదో ముందు తేల్చుకోవాలి. పాత ఇనప వంతెన కనిపిస్తోంది, రాతి స్తంభాల మీద గడ్డర్లు వరసగా. కాస్త ఎడంగా కొత్త వంతెన ఆర్చీలు. ఊళ్లో ఏ క్యాలెండరు మీద చూసినా ఆర్చీలే, వాటి వెనక నారింజ రంగు సూర్యుడే. చెయ్యి అలవాటుగా అటే పోతోంది. పోనివ్వకండి. ఆర్చీలు వద్దు. ఘాటు మీది గుళ్లు వద్దు. పాత వంతెన, దాని మీదికి వస్తున్న వాన, కింద నీళ్లు. అంతే.

ఇంకో చిక్కు కూడా ఉంది. మధ్యాహ్నమంతా మీరు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీలో గడిపి ఇటొచ్చారు. 1897లో పుట్టి, 1925లో మశూచితో పోయిన మనిషి. ముప్పై నిండలేదు. ఇదే ఊరివాడు, ఇదే నది చూస్తూ పెరిగినవాడు. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపల్ కూల్డ్రే దొర ఆ కుర్రాడి చేతిలో ఏముందో కనిపెట్టి, బొంబాయి జె.జె. స్కూల్‌కి వెళ్లేలా చేశాడు. ఆ గోడల మీది బొమ్మలు ఇప్పుడు మీ కళ్లలో ఉన్నాయి. మనుషుల ఒంటి చుట్టూ తీగ సాగినట్టు పోయే ఆ గీత మీ పెన్సిల్‌లోకి దిగాలని చూస్తోంది. అది ఆయన గీత. ఆయన ఈ మబ్బుని చూడలేదు. మీరు చూస్తున్నారు.

నీళ్లకూ ఒడ్డుకూ మధ్య ఒక అడ్డగీత. కాగితానికి నడిమధ్యన వద్దు, కాస్త కిందికి. వంతెనకి మొత్తం 56 స్పాన్లు. మీరు ఆరు స్తంభాలు గుర్తుపెట్టుకుంటే చాలు. దగ్గరివి ఎడంగా, దూరానివి ఒత్తుగా. పెన్సిల్ గట్టిగా నొక్కకండి. కాగితం మొహం గీరుకుపోతే రంగు ఆ గాట్లలోకి దిగి నల్లబడుతుంది.

సరే. నీళ్లు.

రెండంగుళాల చదును బ్రష్షు మంచి నీళ్లలో ముంచి ఆకాశమంతా తడపండి. కాగితం చల్లగా, బరువుగా అవుతుంది. ఇది 300 జీఎస్ఎం నూలు కాగితం కాబట్టి ఇంత తడికీ అప్పడంలా లేవకుండా తట్టుకుంటుంది. మామూలు డ్రాయింగ్ షీటు అయితే ఈపాటికి గుంటలు పడి, నీళ్లన్నీ గుంటల్లో నిలిచేవి. రంగుల దగ్గర పొదుపు చేసినా ఫర్వాలేదు గానీ కాగితం దగ్గర మాత్రం చేయకూడదని నా అభిప్రాయం. బడిలో వాడిన కేమెల్ బిళ్లల డబ్బాతో కూడా మంచి కాగితం మీద బొమ్మ నిలబడుతుంది.

ఒక్కచోట తడపకండి. మబ్బుకీ వంతెనకీ మధ్య నది మీద వెలుగు పడి మెరుస్తున్న సన్నటి చార ఉంది చూశారా? అది పొడిగా ఉండాలి.

తర్వాత తెల్లరంగు పెట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. పెట్టి చూడండి, పౌడరు రాసినట్టు పాలిపోతుంది. నీటిరంగు పారదర్శకం. వెలుగు రంగులోంచి దూరి, కింద కాగితాన్ని తాకి, తిరిగి మీ కంటికొస్తుంది. ఆ మెరుపంతా కాగితానిదే. అందుకే ఈ పనిలో తెలుపంటే వేసేది కాదు, కాపాడుకునేది. ఒక్కసారి రంగు తగిలిందా, పూర్తిగా వెనక్కి రాదు.

పాలెట్‌లో మూడే రంగులు పిండండి. అల్ట్రామెరీన్ నీలం, బర్ంట్ సియెన్నా, ఎల్లో ఓకర్. మొదటి రెండూ కలిస్తే బూడిద. నీలం ఎక్కువైతే చల్లటి వాన మబ్బు, సియెన్నా ఎక్కువైతే ఎర్రనీళ్ల అడుగు. ట్యూబులో నల్లరంగు ఉన్నా దాని జోలికి పోకండి, ఆకాశం మసిబారుతుంది.

పెద్ద మాప్ బ్రష్షు. నిండా రంగు. పై అంచు నుంచి అడ్డంగా ఒక్క లాగుడు. పలక పైవైపు కాస్త ఎత్తి పట్టుకోండి. రంగు కిందికి జారి, గీత అడుగున బొట్టుబొట్టుగా నిలిచింది. దాన్ని అందుకుంటూ రెండో లాగుడు. మూడోది. నీలం తడిలోకి పాకుతోంది. మీరు గీయని అంచులు వాటంతటవే పుడుతున్నాయి. దగ్గరికి వంగి చూడండి. అల్ట్రామెరీన్ రేణువులు కాగితపు గరుకు గుంటల్లో ఒక్కొక్కటిగా దిగి కూర్చుంటున్నాయి. దిగింది దిగినట్టు వదిలేస్తే మబ్బు ఆకాశంలో ఆడుతున్నట్టుంటుంది. మళ్లీ బ్రష్షు పెట్టి కెలికితే ఆ రేణువులన్నీ కలిసిపోయి బురద.

చెయ్యి తీయండి.

తీయడమే కష్టం. ఇంకొంచెం ముదురు కావాలేమో అనిపిస్తుంది. ఎడమ పక్క ఖాళీగా ఉందేమో అనిపిస్తుంది. బ్రష్షు నీళ్లలో పెట్టేసి చేతులు కట్టుకోండి.

"బొమ్మేత్తున్నారా అండీ?"

పక్క మెట్టు మీద ఒక పెద్దాయన. పంచె పైకి మడిచి కట్టాడు, చేతిలో చిన్న ఇత్తడి చెంబు.

"ఆఁ, వేస్తున్నానండి."

"పాత బ్రిడ్జే కదండీ? మరి రైలెయ్యలేదేంటండీ?"

"దాని మీద ఇప్పుడు రైళ్లు నడవట్లేదు కదండి."

"ఆయ్, తొంభై ఏడులో ఆపేశారండి. మా తాత చెప్పేవోడు, పంతొమ్మిది వందల్లో మొదటి రైలెళ్లినప్పుడు జనం ఒడ్డంతా నిలబడి చూశారంటండి. నేనూ ఎక్కానండి దాని మీద, ఎన్నోసార్లు. గోదారి నడిమికొచ్చాక అందరూ నాణేలు ఇసిరేవోళ్లు. ఓ రైలెట్టండి, బాగుంటుంది."

పెట్టొచ్చు. గడ్డర్ల మీద చిన్న చిన్న చతురస్రాలు, ముందు కాస్త పొగ. చూసినవాళ్లందరూ బాగుందంటారు. ఈయన మరీ సంబరపడతాడు. మీ కళ్ల ముందు మాత్రం వంతెన ఖాళీగా ఉంది, దాని మీదికి వాన వస్తోంది. ఎవరి బొమ్మ వేస్తున్నారు మీరు?

ఆయన్ని నొప్పించకుండా నవ్వండి. సమయం లేదు.

కాగితాన్ని కంటి ఎత్తుకి తెచ్చి పక్క నుంచి చూడండి. తళతళ పోయింది. మెత్తటి మెరుపు మాత్రం మిగిలింది. అన్నిటికంటే ప్రమాదమైన దశ ఇదే. కాగితం పూర్తిగా తడిగా ఉన్నప్పుడు రంగు పెడితే కలిసిపోతుంది. పూర్తిగా ఆరాక పెడితే నిలబడుతుంది. ఈ నడిమి తడిలో నీళ్లెక్కువున్న బ్రష్షు తగిలితే ఆ కొత్త నీరు పాత రంగుని చుట్టూ బయటికి నెట్టేస్తుంది. నెట్టుకుపోయిన రంగంతా అంచున పోగుపడి ఎండుతుంది. బొమ్మలేసేవాళ్లు దాన్ని కాలీఫ్లవర్ అంటారు. ఆకాశంలో కాలీఫ్లవర్.

మే నెలలో ఇదే మెట్ల మీద అయితే రెండు నిమిషాల్లో ఆరిపోయేది. ఇప్పుడు గాలిలోనే నీళ్లున్నాయి. చేతి వెనక భాగం కాగితానికి ఆనించి చూడండి. చల్లగా ఉంది. అంటే లోపల ఇంకా తడే.

ఆగాలి.

కిందికి చూడండి. మీరు వచ్చినప్పుడు చెంబులు తోముకుంటున్న మెట్టు ఇప్పుడు కనిపించడం లేదు. ఎర్రనీళ్లలో ఒక కొమ్మ, ఆకులతో సహా, మనిషి పరుగు వేగంతో పోతోంది. దిగువన ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఇంకా ఇవ్వలేదు. అయినా ఘాటు కింది వరసలో పోలీసాయన ఈల వేసి జనాన్ని పైకి పంపుతున్నాడు. మీరు పై మెట్ల మీదే ఉన్నారు కాబట్టి ఈల మీకు కాదు. ఇంకో ఐదు నిమిషాలు దొరికినట్టే.

ఆకాశం ఆరేదాకా నది పని చూడండి. ఎల్లో ఓకర్‌లో సియెన్నా, బాగా నీళ్లు. వెలుగు చారకి కింద నుంచి మొదలుపెట్టండి. అడ్డంగా లాగండి. దగ్గరికొచ్చేకొద్దీ ముదురు. చార తాకకండి. తాకలేదు. బాగుంది.

గాలి మారింది.

మట్టివాసన. వెనక చెట్ల ఆకులన్నీ ఒక్కసారి తిరగబడ్డాయి. కొవ్వూరు ఒడ్డు లేదు. అవతలి స్తంభాలు లేవు. వాన వంతెనని ఒక్కో స్పానూ మింగుతూ ఇటే వస్తోంది.

వంతెన ఇంకా వేయలేదు మీరు.

కాగితం ఇంకా చల్లగానే ఉంది. ఇప్పుడు గీస్తే పాకుతుంది. ఆగితే వాన.

గీయండి.

సన్న బ్రష్షు. చిక్కటి రంగు. నీళ్లు దాదాపు వద్దు, గుడ్డకి అద్ది తుడవండి. మొదటి స్తంభం. నిలబడింది. రెండోది. నిలబడింది. మూడోది. గడ్డరు ఒక్క గీతలో, బ్రష్షు పక్కకి వాల్చి, గరుకు మీద పైపైన. గీత మధ్యలో తెగింది. తెగనీయండి. నాలుగోది. పాకుతోంది. అంచు మసకైంది. స్తంభం కరుగుతోంది.

టిష్యూ అందుకున్నారు.

ఆగండి.

ఎదురుగా చూడండి. నాలుగో స్తంభం అక్కడా కరుగుతోంది, వానలో.

టిష్యూ కింద పెట్టండి.

టప్. ఆకాశం మీద చినుకు. నీలం పక్కకి తప్పుకుంది. తెల్లటి చుక్క.

టప్. టప్.

ఐదో స్తంభం వద్దు. ఆరోదీ వద్దు. బ్రష్షు నోట పట్టుకోకండి, రంగుల్లో లోహాలుంటాయి. సంచిలో వేయండి. పలక బోర్లించకండి, అడ్డంగా పట్టుకోండి. పాలిథిన్ కవరు. కాగితానికి తగలకుండా, పైన గొడుగులా. లేవండి. పరుగు.

పెద్దాయన మీకంటే ముందే టీకొట్టు రేకు కిందికి చేరి, మీ కోసం చోటు ఉంచాడు. రేకు మీద వాన మోతకి మాట వినిపించడం లేదు. పలక బెంచీ మీద పెట్టండి. టీ వస్తుంది. గ్లాసు పలకకి దూరంగా.

అరగంట పోయాక చూస్తే ఆకాశం రంగు తగ్గింది. తడిలో ఉరిమిన నీలం ఆరాక చప్పబడింది. నీటిరంగు ఎప్పుడూ ఇంతే, ఆరాక ఒక మెట్టు దిగుతుంది. అందుకే తడిలో చూసినప్పుడు కాస్త ఎక్కువైందే అని భయం వేసినంత ముదురు పెట్టాలి. చినుకు పడ్డ మూడు చోట్లా తెల్లటి పువ్వులు విచ్చుకున్నాయి. రెండు స్తంభాలు గట్టిగా ఉన్నాయి, మూడోది తెగింది, నాలుగోది సగమే ఉంది. ఆ తర్వాత వంతెన లేదు.

పెద్దాయన వంగి చాలాసేపు చూశాడు. "రైలు లేకపోయినా పర్లేదండి," అన్నాడు చివరికి. "వాన పడతన్నట్టే ఉంది."

ఇక్కడితో వదిలేస్తే బాగుండేది. వదలరు. ఈ బొమ్మ కాగితం మీద పదకొండంగుళాలే. గోడ మీదికి పెద్దది కావాలనిపిస్తుంది. ఇంటికెళ్లి మూడడుగుల కాన్వాసు ఈజిల్ మీదికి ఎక్కిస్తారు, అక్రిలిక్ ట్యూబులు తీస్తారు, నీటిరంగు బొమ్మని పక్కన గోడకి అతికిస్తారు.

ఇక్కడ వాన లేదు, పోలీసు ఈల లేదు. అక్రిలిక్‌లో తెల్లరంగు ఉంది, టైటానియం వైట్, కింద ఏమున్నా కప్పేస్తుంది. కాబట్టి పద్ధతి తిరగబడుతుంది. నీటిరంగులో లేత నుంచి ముదురుకి వెళ్లారు. ఇక్కడ ముదురు వేసి మీద లేత పెట్టుకుంటూ రావచ్చు. తప్పు పోయిందా? పావుగంట ఆగి మీద ఇంకో పూత. మళ్లీ పోయిందా? ఇంకో పూత.

హాయిగా ఉంది కదా. కష్టం మొదలయ్యేది ఇక్కడే.

నీటిరంగులో రేణువుల్ని పట్టి ఉంచేది తుమ్మ జాతి చెట్టు బంక. అది ఎండినా నీళ్లు తగిలితే మళ్లీ కరుగుతుంది. అక్రిలిక్‌లో ఆ పని చేసేది ప్లాస్టిక్. నీళ్లలో తేలే అతి సన్నటి ప్లాస్టిక్ కణాలు, నీరు ఆవిరైపోగానే ఒకదానికొకటి అతుక్కుని పొర కడతాయి. ఆ పొర మళ్లీ నీళ్లకి లొంగదు. ఫ్యాను తిరుగుతోంది, పాలెట్ చూడండి. ఇందాక కలిపిన బూడిద అప్పుడే మీగడ కట్టింది. ఫ్యాను ఆపండి. చెమట పట్టనీయండి. తడిపిన స్పాంజి పరిచి, దాని మీద బటర్ పేపరు వేసి, రంగు దాని మీద కలుపుకోండి. కాసేపు ఆగుతుంది. చొక్కా మీద పడితే ఇప్పుడే కడుక్కోండి. రేపైతే అది చొక్కాలో భాగం.

రాత్రి సరిగ్గా సరిపోయిందనుకున్న మబ్బు రంగు పొద్దున చూస్తే ముదిరిపోయింది. అక్రిలిక్ బైండరు తడిగా ఉన్నప్పుడు తెల్లగా ఉండి రంగుని లేతగా చూపిస్తుంది. ఆరాక పారదర్శకమైపోతుంది, అసలు రంగు బయటపడుతుంది. ఆరాక నీటిరంగు తేలిపోతే అక్రిలిక్ ముదురుతుంది. రెండూ తెలిసిన చేతికి కూడా ఒక్కోసారి తికమక.

మళ్లీ కలుపుతారు. మళ్లీ వేస్తారు. స్తంభాలు గట్టిగా, నిటారుగా, ఆరుకి ఆరూ వచ్చేశాయి, మొదట అనుకున్నట్టే. గడ్డర్ల అల్లిక ఒక్కో కమ్మీ లెక్కపెట్టి వేశారు. చినుకు పడి విచ్చుకున్న తెల్లపువ్వులు కూడా చూసి చూసి సన్న బ్రష్షుతో దించారు, అంచు ముడతలతో సహా.

నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూడండి.

అన్నీ ఉన్నాయి. వాన లేదు.

గోడ మీది చిన్న కాగితం చూడండి. కాన్వాసు చూడండి. కాగితం మీది పువ్వుని చినుకు చేసింది. కాన్వాసు మీది పువ్వుని మీరు చేశారు, అందుకే అది రాలిన చుక్కలా లేదు, డిజైనులా ఉంది. గ్యాలరీలోంచి రామారావు గీతని ఎత్తుకురాకుండా తప్పించుకున్న మీరు ఇప్పుడు మీ బొమ్మకే నకలు తీస్తున్నారు.

ఏం చేస్తారు? కమ్మీలకి ఇంకాస్త నీడ పెట్టొచ్చు. కొనేవాళ్లు కొంటారు కూడా, వంతెన పోలిక బాగా కుదిరింది. లేదా.

మూడంగుళాల బ్రష్షు తీయండి. గోడలకి వేసే రకమే. టైటానియం వైట్, చిటికెడు బూడిద, గ్లేజింగ్ మీడియం, కాసిని నీళ్లు. పలచగా. చెయ్యి వణుకుతోంది. అన్ని కమ్మీలు. అన్ని రాత్రులు.

కుడి అంచు. పై నుంచి కిందికి.

లాగండి.

ఆరో స్తంభం పోయింది. కింద పొర కదల్లేదు, ప్లాస్టిక్ కదా, అలాగే ఉండి మసక వెనక్కి వెళ్లింది. ఇంకోటి. ఐదోది పోయింది. రంగు కారుతోంది. కారనీయండి. గుడ్డ తీసుకుని నాలుగోదాని మీద ఒక పక్క తుడవండి, తడి ఉండగానే. సగం స్తంభం బయటికొచ్చింది. ఇంకా తుడిస్తే పూర్తిగా వస్తుంది.

తుడవకండి. ఆ పువ్వుల మీద కూడా ఒక లాగుడు. పోయాయి. ఇప్పుడు చేతిని నీళ్లలో ముంచి కాన్వాసు మీదికి విదల్చండి. ఎక్కడ పడతాయో చూడకండి. పడ్డాయి. కింది అంచున రెండు పెద్ద చుక్కలు వెలుగు చార మీదే పడి దాన్ని రెండు ముక్కలు చేశాయి. ఇది మీరు అనుకోలేదు, కాగితం మీద కూడా లేదు. దిద్దాలా, ఉంచాలా? పొర కట్టడానికి రెండు మూడు నిమిషాలుంది.

ఆలోచించండి. ఈలోగా ఆ మూడంగుళాల బ్రష్షు మాత్రం బకెట్లో పడేయండి. వెంట్రుకల మొదట్లో ఎండిందంటే ఇక దేనికీ పనికిరాదు.